సొంత మెయిల్ సర్వర్: సాఫ్ట్‌వేర్ సిద్ధంగానే ఉంది, భారం వేరే చోట ఉంది

2025 జులైలో గుజరాత్‌లోని వాడినార్ చమురుశుద్ధి కర్మాగారాన్ని నడిపే నయారా ఎనర్జీ ఉద్యోగులకు ఉన్నట్టుండి మెయిల్ అందకుండా పోయింది. రష్యాకు చెందిన రోస్‌నెఫ్ట్‌కు ఆ కంపెనీలో 49.13 శాతం వాటా ఉన్నందున ఐరోపా సమాఖ్య దానిని ఆంక్షల జాబితాలో చేర్చింది. ఆ వెంటనే మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేసింది. చందాలన్నీ చెల్లించి ఉన్నా తమ సమాచారం తమకే అందడం లేదంటూ కంపెనీ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. కొద్ది రోజుల్లోనే సేవలు తిరిగి మొదలయ్యాయి, వివాదం సద్దుమణిగింది. అయినా ఆ కొద్ది రోజుల్లో బయటపడిన బలహీనత మాత్రం దేశంలోని వేలాది సంస్థలకు ఉమ్మడిగా ఉన్నదే. భారతదేశ చట్టాలకు లోబడి నడిచే సంస్థ తాలూకు ఉత్తరప్రత్యుత్తరాలు, సమావేశాల క్యాలెండర్, చిరునామాల పుస్తకం మరో ఖండంలో ఎవరో తీసుకున్న నిర్ణయంతో ఒక్క పూటలో మూతపడవచ్చు.

ఇంత తీవ్రంగా కాకపోయినా, ధరల రూపంలోనో పరిమితుల రూపంలోనో ఇదే ఆధారపడటం తరచుగా కనిపిస్తుంది. విద్యాసంస్థలకు ఉచితంగా, పరిమితి లేకుండా నిల్వ స్థలం ఇస్తూ వచ్చిన గూగుల్, ఇకపై సంస్థ మొత్తానికీ కలిపి 100 టెరాబైట్లే ఉచితమని 2021 ఫిబ్రవరిలో ప్రకటించి, 2022 జులై నుంచి అమలు చేసింది. అప్పటికే విద్యార్థులు, పూర్వ విద్యార్థులు, అధ్యాపకులు అందరినీ అక్కడికే తరలించిన విశ్వవిద్యాలయాలు ఖాతాలకు పరిమితులు పెట్టడం, పాత ఖాతాలు తొలగించడం తప్ప చేయగలిగింది పెద్దగా లేకపోయింది. సొంత డొమైన్ పేరుతో, అంటే చిరునామాలో @ తర్వాత తమ సొంత పేరుతో, ఉచితంగా మెయిల్ వాడుకునే ఏర్పాటును అదే సంస్థ 2006లో మొదలుపెట్టి, 2012 డిసెంబరులో కొత్తవారికి మూసివేసి, 2022 జనవరిలో పాతవారు కూడా డబ్బు చెల్లించాలని ప్రకటించింది. అభ్యంతరాలు వచ్చాక సొంత అవసరాలకు వాడుకునేవారికి మినహాయింపు ఇచ్చింది. వ్యాపార సంస్థ తన నిబంధనలను మార్చుకోవడంలో అన్యాయమేమీ లేదు. ఆ మార్పు వచ్చిన రోజున బయటకు వెళ్లే దారి తెరిచి ఉందా లేదా అన్నదే వాడకందారులకు ముఖ్యమైన ప్రశ్న.

మూల కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో సొంత మెయిల్, గ్రూప్‌వేర్ (మెయిల్‌తో పాటు క్యాలెండర్, చిరునామాలు పంచుకునే ఏర్పాటు) నడుపుకోవడం ఈ ప్రశ్నకు పాతకాలం నుంచీ ఉన్న జవాబు. దీని మీద రెండు రకాల అతిశయోక్తులు ప్రచారంలో ఉన్నాయి. డాకర్ కంటెయినర్లు, అంటే ముందే కూర్చి పెట్టిన సాఫ్ట్‌వేర్ పొట్లాలు, దించుకుంటే ఒక మధ్యాహ్నంలో పని అయిపోతుందని కొందరు అంటారు. పెద్ద కంపెనీలు మెయిల్‌ను పూర్తిగా చేజిక్కించుకున్నాయి కాబట్టి ఈ రోజుల్లో ఎవరికీ సాధ్యం కాదని మరికొందరు అంటారు. మెయిల్ వ్యవస్థను ఒకే ముద్దగా చూడటం వల్లే ఈ రెండు మాటలూ పుడుతున్నాయి. ఉత్తరాలు అందుకోవడం, వాటిని భద్రపరచడం, బయటకు పంపడం, క్యాలెండర్ పంచుకోవడం అనేవి వేర్వేరు పనులు. వాటి కష్టాలూ వేర్వేరు. మొదటి రెండూ నేటికీ సులువే. మూడోది సాంకేతికత కన్నా పరపతి మీద ఆధారపడ్డ వ్యవహారం. నాలుగోదాని దగ్గర ఉద్యోగుల ఓపిక నశిస్తుంది. ఏ సంస్థ అయినా వీటిలో ఏది తన చేతిలో ఉంచుకోవాలో, ఏది బయటివారికి అప్పగించాలో విడివిడిగా నిర్ణయించుకోవచ్చు.

అందుకోవడం, దాచుకోవడం

ఇంటర్నెట్‌లో ఉత్తరాలను చేరవేసే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982లో ప్రమాణంగా నమోదైంది. దానిని అమలు చేసే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ అప్పటి నుంచీ వరుసగా వస్తూనే ఉంది. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ 1995లో రాసిన ఎగ్జిమ్, ఐబీఎంలో వీట్సె వెనెమా రాయగా 1998లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్ నేటికీ ప్రపంచంలోని మెయిల్ సర్వర్లలో చాలా భాగాన్ని నడుపుతున్నాయి. వచ్చిన ఉత్తరాలను ఫోన్‌కూ కంప్యూటర్‌కూ అందించే ఐమ్యాప్ పనిని 2002లో మొదలైన డవ్‌కాట్ చూసుకుంటుంది. చెత్త మెయిల్‌ను వడపోయడానికి ఆర్‌స్పామ్‌డీ, బ్రౌజర్‌లో మెయిల్ చదువుకోవడానికి రౌండ్‌క్యూబ్ ఉన్నాయి. ఇవన్నీ విడివిడి పరికరాలు. వాటిని కలిపి కుట్టే శ్రమ ఒకప్పుడు అడ్మిన్ నెత్తిన ఉండేది. మెయిల్‌కౌ, ఐరెడ్‌మెయిల్, మెయిల్-ఇన్-ఎ-బాక్స్ వంటి కూర్పులు ఆ కుట్టుపనిని ముందే చేసి ఇస్తున్నాయి. మెయిల్‌కౌకు కనీసం 6 గిగాబైట్ల మెమరీ కావాలని దానిని తయారు చేసినవారే చెబుతారు. అది చిన్న సర్వరే, కానీ మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌తో సరిపోయేది మాత్రం కాదు.

సొంత సర్వర్‌లో ఉత్తరాలు ఎలా ఉంటాయో దగ్గరగా చూడటం అవసరం, ఎందుకంటే వాణిజ్య సేవల్లో ఇది కంటికి కనిపించదు. డవ్‌కాట్ సాధారణంగా వాడే మెయిల్‌డిర్ పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైల్. ప్రతి మెయిల్‌బాక్స్‌కూ మూడు ఫోల్డర్లు ఉంటాయి. రాస్తూ ఉన్నది 'టెంప్'లో, వచ్చి ఇంకా తాకనిది 'న్యూ'లో, మెయిల్ ప్రోగ్రామ్ కంటపడినది 'కర్'లో ఉంటుంది. ఉత్తరాన్ని చదివితే ఫైల్ పేరు చివర 'ఎస్' అనే అక్షరం చేరుతుంది, జవాబిస్తే 'ఆర్' చేరుతుంది. ఇంతకుమించి మర్మం లేదు. మామూలు ఫైల్ కాపీ ఆదేశంతో బ్యాకప్ తీసుకోవచ్చు, పదిహేనేళ్ల తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడవచ్చు. ఒక ఉద్యోగి పొరపాటున తొలగించిన ఉత్తరాన్ని రాత్రి తీసిన బ్యాకప్‌లోంచి ఆ ఒక్క ఫైల్‌నే తెచ్చి ఫోల్డర్‌లో పెడితే మరుక్షణం ఇన్‌బాక్స్‌లో కనబడుతుంది. సొంతంగా నడపడం వల్ల వచ్చే ప్రయోజనాలలో దీనికి దక్కాల్సిన గుర్తింపు దక్కలేదు.

అందుకునే వైపు భయపెట్టే మాట ఒకటి ఉంది: సర్వర్ ఆగిపోతే ఉత్తరాలు పోతాయి కదా అని. పోవు. అవతలి సర్వర్ పలకకపోతే పంపే సర్వర్ ఆ ఉత్తరాన్ని తన వరుసలో పెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ మామూలు అమరికలోనే ఐదు రోజుల వరకు ప్రయత్నించి, ఆ తర్వాతే చేతులెత్తేసి పంపినవారికి తిప్పి పంపుతుంది. కరెంటు కోతతోనో హార్డ్ డిస్క్ పాడైపోయో ఒక రోజంతా సర్వర్ మూతపడినా, తిరిగి లేచాక ఆగిన ఉత్తరాలు వాటంతట అవే వచ్చి చేరతాయి. నలభై ఏళ్ల కిందట అస్తమానం తెగిపోయే లైన్లను దృష్టిలో పెట్టుకుని రూపొందిన వ్యవస్థ కావడం వల్ల దానికి ఈ సహనం అబ్బింది.

పంపడం: పరపతి సమస్య

బయటకు పంపే దగ్గర కథ మారిపోతుంది. ఒక ఇంజినీరింగ్ కళాశాల పరీక్షల విభాగం హాల్ టికెట్ల సమాచారాన్ని సొంత సర్వర్ నుంచి ఆరు వేల మంది విద్యార్థుల జీమెయిల్ చిరునామాలకు పంపుతోందనుకుందాం. ఒక్కొక్క ఉత్తరానికీ గూగుల్ సర్వర్ ముందు ఒక చిన్న సంభాషణ నడుస్తుంది. కళాశాల సర్వర్ తలుపు తట్టి తన పేరు చెబుతుంది. గూగుల్ సర్వర్ వెంటనే ఆ ఐపీ అడ్రస్‌కు (ఇంటర్నెట్‌లో ఆ సర్వర్‌ను గుర్తించే సంఖ్యకు) రివర్స్ డీఎన్‌ఎస్ రికార్డు, అంటే ఆ సంఖ్య ఏ పేరుదో చెప్పే నమోదు, ఉందా, అందులో ఉన్న పేరు తిరిగి అదే అడ్రస్‌కు చేరుతోందా అని చూస్తుంది. ఈ రికార్డు కళాశాల చేతిలో ఉండదు. ఐపీ అడ్రస్ ఎవరి సొత్తో వారు, అంటే లీజ్డ్ లైన్ ఇచ్చిన ఇంటర్నెట్ సంస్థో సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీయో, రాసి పెట్టాలి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద మెయిల్ సర్వర్ నడపాలనుకునేవారి ప్రయత్నం ఇక్కడే ఆగిపోతుంది. ఇళ్లకు ఇచ్చే కనెక్షన్లలో చాలావాటికి సొంత స్థిర ఐపీయే ఉండదు. ఉన్నా, ఇళ్లకు కేటాయించిన అడ్రస్‌ల నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ను పెద్ద సర్వర్లు మొదటి చూపులోనే తిరస్కరిస్తాయి.

తర్వాతి పరీక్షలు డొమైన్‌కు సంబంధించినవి. ఫలానా సర్వర్లకే మా పేరుతో మెయిల్ పంపే హక్కు ఉందని ఎస్‌పీఎఫ్ రికార్డు ప్రకటిస్తుంది. ఉత్తరంలోని ముఖ్యమైన హెడర్ల మీద, లోపలి పాఠం మీద సర్వర్ తన రహస్య తాళంతో వేసిన ముద్ర డీకిమ్. దానిని సరిచూసే బహిరంగ తాళం డొమైన్ వివరాలను అందరికీ చూపే డీఎన్‌ఎస్‌లో ఉంటుంది. పాఠకుడికి కనబడే 'ఫ్రమ్' చిరునామాలోని డొమైన్, ఈ రెండింటిలో కనీసం ఒకటి ధ్రువీకరించిన డొమైన్‌తో సరిపోవాలని డీమార్క్ కోరుతుంది. సరిపోకపోతే ఏం చేయాలో కూడా అందులోనే రాసి ఉంటుంది. రోజుకు 5,000 ఉత్తరాలకు పైగా పంపేవారు మూడూ పాటించి తీరాలని గూగుల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి పట్టుబడుతున్నాయి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని కూడా నిబంధన పెట్టాయి. మన ఉదాహరణలోని కళాశాల ఒక్క హాల్ టికెట్ల రోజుతో ఆ పెద్ద పంపిణీదారుల వరుసలోకి వచ్చేస్తుంది. ఆరు వేల మందిలో ఇరవై మంది విసుగుతో స్పామ్ బటన్ నొక్కితే ఆ గీత దాటినట్టే.

ఈ రికార్డులు రాసుకోవడం ఒక పూట పని, పైన చెప్పిన కూర్పులు వాటి పాఠాన్ని సిద్ధం చేసి కూడా ఇస్తాయి. అన్నీ సరిగా ఉన్నా ఉత్తరం స్పామ్ ఫోల్డర్‌లో పడవచ్చు, ఎందుకంటే చివరి తీర్పు ఆ ఐపీ అడ్రస్, ఆ డొమైన్ పరపతిని బట్టి ఉంటుంది. కొత్తగా అద్దెకు తీసుకున్న సర్వర్ అడ్రస్‌ను అంతకుముందు స్పామ్ పంపినవాడు వాడి ఉంటే, పాత అద్దెదారు అప్పుల కోసం కొత్తగా దిగినవారి తలుపు తట్టినట్టు, ఆ అపఖ్యాతి కొత్తవారి నెత్తిన పడుతుంది. 1998 నుంచి నడుస్తున్న స్పామ్‌హౌస్ వంటి సంస్థల జాబితాలు ఒక్కోసారి మొత్తం అడ్రస్‌ల వరుసనే నిషేధిస్తాయి. అందులో ఉన్న నిజాయతీపరులకు కూడా దెబ్బ తగులుతుంది. స్పామ్ బాధ తట్టుకోలేక అమెజాన్ క్లౌడ్ తన సర్వర్లలో బయటకు వెళ్లే 25వ పోర్టును (సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపుకునే దారిని) మామూలుగా మూసి ఉంచి, ప్రత్యేకంగా అడిగితేనే తెరుస్తుంది. గూగుల్ క్లౌడ్ కూడా దానిని మూసే ఉంచుతుంది.

తిరస్కరణ కూడా రెండు రకాలు. 4తో మొదలయ్యే సంఖ్య వస్తే ఇప్పుడు కుదరదు, తర్వాత రండి అని అర్థం. 5తో మొదలయ్యేది వస్తే తలుపు మూసినట్టే. ఈ సంఖ్యలు సర్వర్ తన పనులను నమోదు చేసుకునే లాగ్‌లో కనబడతాయి కాబట్టి కారణం వెతుక్కోవచ్చు. ఈ రెండు రకాల సంఖ్యలూ రాకుండా 250 అని, అంటే అందింది అని, జవాబిచ్చి తర్వాత స్పామ్ ఫోల్డర్‌లో పడేసే సందర్భమే అడ్మిన్లను నిద్రపోనివ్వదు. పంపినవారి లాగ్‌లో అంతా సవ్యంగా ఉంటుంది, అందాల్సినవారు అందలేదంటారు, మధ్యలో ఎవరిని అడగాలో తెలియదు. నిబంధనలు తుచ తప్పకుండా పాటించే చిన్న సర్వర్‌కు ఈ విషయంలో అప్పీలు చేసుకునే మార్గం దాదాపు లేదు. మెయిల్ అనే బహిరంగ వ్యవస్థలో ఇద్దరు ముగ్గురు పెద్ద గ్రహీతలు న్యాయమూర్తులై కూర్చోవడం నిజంగా ఆందోళన కలిగించే పరిణామం. దీనిని సాంకేతిక లోపంగా చూసి ఊరుకోవడం పొరపాటు.

ఆచరణలో చాలా సంస్థలు దీనికి మధ్యేమార్గం ఎంచుకుంటున్నాయి. ఉత్తరాలను అందుకోవడం, భద్రపరచడం సొంత సర్వర్ మీదే ఉంచుకుని, బయటకు వెళ్లేవాటిని మాత్రం మంచి పరపతి ఉన్న రిలే సేవ (ఇతరుల ఉత్తరాలను తన సర్వర్ల నుంచి చేరవేసే సేవ) ద్వారా పంపుతాయి. పోస్ట్‌ఫిక్స్‌లో ఇది 'రిలేహోస్ట్' అనే ఒక్క అమరికతో మొదలవుతుంది. రిలే సంస్థ సేవ మానేస్తే ఆ పంక్తి మార్చి మరొకరిని పెట్టుకోవచ్చు. పాత ఉత్తరాలూ ఖాతాలూ కదలవు. పూర్తి స్వాతంత్ర్యం కోరుకునేవారికి ఇది రాజీలా కనబడుతుంది. అయితే మార్చుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టే ఆధారపడటానికీ, మార్చుకోవడానికి ఏడాది పట్టే ఆధారపడటానికీ చాలా తేడా ఉంది.

క్యాలెండర్ దగ్గర తెగేది

మెయిల్‌ను మార్చినప్పుడు ఉద్యోగులు సర్దుకుంటారు. క్యాలెండర్ చెడితే సర్దుకోరు. ప్రిన్సిపాల్ క్యాలెండర్‌ను ఆయన సహాయకుడు చూసి మార్చగలగాలి, ఖాళీ సమయాలు ఇతరులకు కనబడాలి, సమావేశ మందిరాన్ని ఇద్దరు ఒకేసారి బుక్ చేయలేకుండా ఉండాలి, ఇవన్నీ ఫోన్‌లోనూ పనిచేయాలి. గ్రూప్‌వేర్ అనే పేరు కిందికి వచ్చేది ఇదే, మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వర్, ఔట్‌లుక్ ప్రోగ్రామ్‌ల జోడీ దశాబ్దాలుగా పట్టు నిలుపుకుంటున్నదీ ఇక్కడే.

ఓపెన్‌సోర్స్ వైపు దీనికి ప్రమాణాలు ఉన్నాయి. క్యాలెండర్‌కు 2007లో కాల్‌డావ్, చిరునామాలకు 2011లో కార్డ్‌డావ్ ఖరారయ్యాయి. సోగో, నెక్స్ట్‌క్లౌడ్, కోలాబ్, ఓపెన్-ఎక్స్చేంజ్ వంటి గ్రూప్‌వేర్‌లు ఈ పునాది మీద నిలబడ్డాయి. ఐఫోన్ వీటిని నేరుగా అర్థం చేసుకుంటుంది. ఆండ్రాయిడ్‌కు ఆ శక్తి తనంతట తానుగా లేదు, డావ్ఎక్స్5 వంటి యాప్ వేయాలి. కంప్యూటర్‌లో మెయిల్ చదువుకునే ఓపెన్‌సోర్స్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్‌లో రెండూ పనిచేస్తాయి. ఔట్‌లుక్‌కు మాత్రం కాల్‌డావ్ తెలియదు; దానికి విడిగా ప్లగిన్ పెట్టాలి, లేదా సోగో మాదిరిగా సర్వరే మైక్రోసాఫ్ట్ వారి యాక్టివ్‌సింక్ భాష మాట్లాడాలి. వంద మంది ఉద్యోగుల్లో పది మంది ఔట్‌లుక్ వదలబోమంటే, సహాయ విభాగానికి వచ్చే ఫోన్లలో సగం ఆ పది మంది నుంచే వస్తాయని ముందే అనుకోవాలి.

చిక్కులు చిన్న విషయాల్లోనే ఎక్కువ. ప్రతి సోమవారం జరిగే సమావేశాన్ని ఒక్క వారానికి మంగళవారానికి మార్చారనుకుందాం. ప్రమాణం ప్రకారం అది మూల సమావేశానికి అతికించిన మినహాయింపు. ఆ మార్పు ఆహ్వానితులకు మెయిల్‌లో జోడించిన క్యాలెండర్ ఫైల్‌గా వెళుతుంది; అవతలి ప్రోగ్రామ్ దానిని చదివి తన క్యాలెండర్‌లో సరైన చోట అతకాలి. ఒక ప్రోగ్రామ్ మినహాయింపును కొత్త సమావేశంగా భావిస్తే ఆ వారం రెండు సమావేశాలు కనబడతాయి. హైదరాబాద్ కార్యాలయంవారు పెట్టిన సమావేశాన్ని డాలస్‌లో ఉన్న సహోద్యోగి చూసేటప్పుడు అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారడం కూడా ఇందులో కలుస్తుంది. మార్పిడికి ముందు పరీక్షించాల్సింది ఇటువంటి సందర్భాలనే. ఉత్తరం వచ్చిందా పోయిందా అని చూసి సంతృప్తి పడితే తర్వాత చింతించాల్సి వస్తుంది.

జర్మనీ ఉత్తర కొసన ఉన్న ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం దీనిని పెద్ద స్థాయిలో చేసి చూపింది. ముప్ఫై లక్షలకు దగ్గరగా జనాభా ఉన్న ఆ రాష్ట్ర ప్రభుత్వం తన 40,000కు పైగా మెయిల్‌బాక్సులను, వాటిలోని పది కోట్లకు పైగా ఉత్తరాలను, క్యాలెండర్ నమోదులను ఎక్స్చేంజ్, ఔట్‌లుక్‌ల నుంచి ఓపెన్-ఎక్స్చేంజ్, థండర్‌బర్డ్‌లకు సుమారు ఆరు నెలల్లో మార్చి, 2025 అక్టోబరు మొదట్లో పని పూర్తయిందని ప్రకటించింది. దారి పొడవునా ఉద్యోగుల నుంచి ఫిర్యాదులు వచ్చాయి, అవి పత్రికలకూ ఎక్కాయి. ఈ ఉదాహరణను చూసి ప్రతి ఒక్కరూ సర్వర్ పెట్టేయవచ్చని అనుకోవడం సరికాదు. ఆ రాష్ట్రం వెనుక డేటాపోర్ట్ అనే ప్రభుత్వ రంగ ఐటీ సంస్థ ఉంది, మంత్రి స్థాయిలో పట్టుదల ఉంది, ఆఫీసు సూట్ కూడా లిబ్రెఆఫీస్‌కు మారే విస్తృత ప్రణాళిక ఉంది. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికినా దాని చుట్టూ సిబ్బందినీ సంకల్పాన్నీ సమకూర్చుకోవలసి వచ్చింది.

భారత ప్రభుత్వం ఇందుకు వేరే దారి ఎంచుకుంది. జాతీయ సమాచార కేంద్రం చాలా ఏళ్లుగా నడిపిన ప్రభుత్వ మెయిల్ వ్యవస్థ నిర్వహణను 2023లో టెండరు ద్వారా జోహోకు అప్పగించారు. దాదాపు 12 లక్షల ఉద్యోగుల ఖాతాలు ఆ వేదిక మీదికి మారాయి. దేశీయ కంపెనీ కాబట్టి విదేశీ ఆంక్షల భయం తగ్గింది. జోహో సాఫ్ట్‌వేర్ మాత్రం ఓపెన్‌సోర్స్ కాదు. సమాచారం దేశంలో ఉండటం, సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛగా ఉండటం అనేవి వేర్వేరు ప్రయోజనాలు, వాటిని ఒకటిగా కలిపి మాట్లాడటం వల్ల చర్చ పక్కదారి పడుతోంది.

ఓపెన్‌సోర్స్ అన్నంత మాత్రాన

ఓపెన్‌సోర్స్ అనే ముద్ర శాశ్వత హామీ కాదని కూడా చెప్పాలి. మెయిల్, క్యాలెండర్ కలిపి ఇచ్చే జింబ్రా చరిత్ర ఇందుకు తగిన సాక్ష్యం. 2007లో యాహూ దానిని 35 కోట్ల డాలర్లకు కొంది, 2010లో వీఎంవేర్‌కు అమ్మింది, 2013లో టెలిజెంట్ చేతికి, 2015లో సినాకోర్ చేతికి వెళ్లింది. 8.8.15 తర్వాతి వెర్షన్లకు కంపెనీ ఉచిత ఇన్‌స్టాలర్లు ఇవ్వడం మానేసింది. మూల కోడ్ దొరుకుతున్నా దానిని ఎవరికి వారు కూర్చుకోవాలి. ఆ పాత వెర్షన్‌కు మద్దతు 2023 చివర ముగిసింది. ఉచిత జింబ్రాను నమ్ముకున్న కళాశాలలు, చిన్న కంపెనీలు డబ్బు చెల్లించడమో, కోడ్ సొంతంగా కూర్చుకోవడమో, వేరే చోటికి మారడమో ఎంచుకోవాల్సి వచ్చింది.

డవ్‌కాట్ విషయంలోనూ 2025 జనవరిలో వచ్చిన 2.4 వెర్షన్ ఒక పాఠం నేర్పింది. పాత అమరికల ఫైల్ దానితో పనిచేయదు, కొత్త పద్ధతిలో తిరగరాయాలి. అంతకన్నా ముఖ్యంగా, రెండు సర్వర్ల మధ్య మెయిల్‌బాక్సులను ఎప్పటికప్పుడు సరిపోల్చే రెప్లికేటర్‌ను ఉచిత వెర్షన్ నుంచి తీసివేశారు. దాని మీద ఆధారపడి జంట సర్వర్లు నడిపినవారు వేరే ఏర్పాటు వెతుక్కోవలసి వచ్చింది. ఇది మోసమని అనలేం, తయారీదారులు ముందుగానే చెప్పారు. అయినా ఒకే కంపెనీ చేతిలో ఉన్న ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టును, చాలామంది చేతుల మీదుగా నడిచే ప్రాజెక్టును వేరుగా తూచాలి. దిలాసా కలిగించే సంగతి ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ మారినా ఐమ్యాప్, కాల్‌డావ్ మారవు. ఉత్తరాలు ఫైళ్లుగానే ఉంటాయి. జింబ్రా నుంచి సోగోకు మారడం కష్టమే, కానీ అసాధ్యం కాదు.

తెలుగు వాడకందారులకు ఇక్కడ మరో సంగతి అక్కరకు వస్తుంది. తెలుగు లిపిలో .భారత్ డొమైన్ చాలాకాలంగా అందుబాటులో ఉంది. చిరునామా మొత్తం తెలుగులోనే ఉండేలా మెయిల్ నడిపే ప్రమాణం 2012లో వచ్చింది, పోస్ట్‌ఫిక్స్ 2015 నాటి 3.0 నుంచే దానిని పాటిస్తోంది. జీమెయిల్ 2014 నుంచి అటువంటి చిరునామాలకు ఉత్తరాలు పంపగలదు, వాటి నుంచి వచ్చేవాటిని అందుకోగలదు. అయితే మధ్యలోని ప్రతి సర్వర్, ప్రతి యాప్ ఒప్పుకుంటేనే ఉత్తరం చేరుతుంది కాబట్టి ప్రస్తుతానికి తెలుగు చిరునామాకు తోడుగా ఆంగ్ల లిపిలో మరొకటి ఉంచుకోక తప్పదు. ఈ ప్రయోగం చేయడానికి సొంత సర్వర్ ఉన్నవారు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

కాపలా ఎవరు కాస్తారు

ఇప్పటివరకు చెప్పినవాటన్నిటికన్నా బరువైనది భద్రత. మెయిల్ సర్వర్ పగలూ రాత్రీ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉంటుంది. 2021 మార్చిలో ప్రాక్సీలాగాన్ పేరుతో బయటపడిన లోపాలతో సొంతంగా నడుపుకుంటున్న ఎక్స్చేంజ్ సర్వర్లు ప్రపంచమంతటా దాడులకు గురయ్యాయి. 2022లో జింబ్రా వంతు వచ్చింది. 2025 జూన్‌లో రౌండ్‌క్యూబ్‌లో పదేళ్లకు పైగా దాగి ఉన్న తీవ్రమైన లోపం ఒకటి వెల్లడైంది. సవరణ వెలువడిన కొద్ది రోజుల్లోనే దాడులు మొదలయ్యాయి. సవరణ వచ్చిన రోజే వేసుకోగల మనిషి ఉన్న సంస్థ బయటపడుతుంది. ఆ మనిషి సంక్రాంతి సెలవులకు ఊరికి వెళ్లి, ఆయన స్థానంలో పాస్‌వర్డ్ తెలిసినవారు ఇంకెవరూ లేకపోతే ఆ సంస్థకు రక్షణ లేదు.

పెద్ద కంపెనీలకు అప్పగిస్తే ఈ బెడద ఉండదనుకోవడమూ తప్పే. 2023లో చైనాకు చెందినదిగా భావిస్తున్న బృందం మైక్రోసాఫ్ట్ సంతకపు తాళాన్ని చేజిక్కించుకుని అమెరికా ప్రభుత్వ విభాగాల మెయిల్‌తో సహా రెండు డజన్ల సంస్థల ఖాతాలు చదివింది. ఆ తర్వాత అమెరికా ప్రభుత్వ సమీక్షా మండలి కంపెనీ భద్రతా సంస్కృతినే తప్పుపట్టింది. కాకపోతే పెద్ద కంపెనీ దగ్గర రాత్రి రెండింటికి లేచి చూసే బృందం ఉంటుంది, చిన్న సంస్థకు ఉండదు. ఈ తేడాను లైసెన్సు ధరల పట్టికలో చూపించలేం. తలసరి చందాతో సొంత సర్వర్ అద్దెను పోల్చి ఎంత మిగిలిందో లెక్కగట్టేవారు మనిషి జీతాన్ని కలపడం మరచిపోతారు. కలిపితే ఏభై మంది ఉన్న సంస్థకు సొంత సర్వర్ దాదాపు ఎప్పుడూ ఎక్కువ ఖర్చే, వేలమంది ఉన్న విశ్వవిద్యాలయానికి తక్కువ కావచ్చు.

చట్టం వైపు నుంచి కూడా బాధ్యతలు ఉన్నాయి. సైబర్ దాడుల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగినట్టు గుర్తించిన ఆరు గంటల్లో కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. మెయిల్ లాగ్‌లు సాధారణంగా కొద్ది వారాలకే చెరిగిపోయేలా అమర్చి ఉంటాయి కాబట్టి సర్వర్ పెట్టిన మొదటి రోజే ఆ అమరికను మార్చుకోవాలి.

ఇవన్నీ తూచి చూస్తే ఎవరు ఎంతవరకు వెళ్లాలో కొంత స్పష్టమవుతుంది. డొమైన్ పేరు మాత్రం ఎవరికైనా సొంతంగా, సంస్థ పేరు మీదే ఉండాలి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రవాడి పేరు మీదో, సేవ ఇచ్చే కంపెనీ పేరు మీదో నమోదైతే మిగతా స్వేచ్ఛలేవీ అక్కరకు రావు. డొమైన్ చేతిలో ఉంటే మెయిల్ ఎక్కడ ఉన్నా మరో చోటికి మళ్లించవచ్చు. ఇద్దరు అడ్మిన్లను పోషించలేని సంస్థ ఓపెన్‌సోర్స్ గ్రూప్‌వేర్‌నే అద్దె పద్ధతిలో నడిపిపెట్టే చిన్న కంపెనీలను ఆశ్రయించడం మేలు. నచ్చకపోతే అదే సాఫ్ట్‌వేర్ ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. కంప్యూటర్ సైన్స్ విభాగం, సొంత డేటా సెంటర్, లీజ్డ్ లైన్ ఉన్న విశ్వవిద్యాలయాలు మాత్రం ఈ పనిని వదులుకోవడం విచారకరం. ఇతరులకు లేని వనరులు వారికి ఉన్నాయి, విద్యార్థులు పాఠ్యపుస్తకంలో చదివే ప్రోటోకాళ్లు వారి కళ్లముందే నడిచే అవకాశమూ ఉంది.

మారాలని నిర్ణయించుకున్నవారు తొందరపడకుండా చేయాల్సిన క్రమం ఒకటి ఉంది. ముందుగా ఏ కొద్దిమంది ఖాతాలనో కొత్త సర్వర్ మీద పెట్టి క్యాలెండర్‌తో సహా నెలరోజులు వాడి చూడాలి. ఐమ్యాప్‌సింక్ అనే పరికరం పాత సేవలోని ఫోల్డర్లను, చదివిన గుర్తులతో సహా కొత్త చోటికి నకలు చేస్తుంది. దానిని మళ్లీ మళ్లీ నడిపినా అప్పటికే చేరినవాటిని వదిలి కొత్తవాటినే తెస్తుంది. ఉత్తరాలు ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డును మార్చడానికి రెండు మూడు రోజుల ముందు దాని గడువును (ఇతర సర్వర్లు దానిని గుర్తుంచుకునే సమయాన్ని) ఐదు నిమిషాలకు తగ్గిస్తే, ఏదైనా చెడినప్పుడు వెనక్కి మళ్లడానికి అంతే సమయం పడుతుంది. డీమార్క్‌ను మొదట ఏ చర్యా తీసుకోకుండా నివేదికలు మాత్రమే పంపే స్థితిలో ఉంచాలి. రోజూ వచ్చే ఆ నివేదికల్లో, సంస్థ పేరుతో మెయిల్ పంపుతూ అందరూ మరచిపోయిన సర్వర్లు బయటపడతాయి. ఫీజుల సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, గ్రంథాలయం గడువు గుర్తుచేసే పాత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. వాటన్నిటినీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌ల కిందికి తెచ్చాకే తిరస్కరించమనే స్థితికి మార్చాలి. పాత సేవకు చందాను ఆఖరి ఖాతా కదిలిన తర్వాత కూడా కనీసం ఒక నెల పాటు కొనసాగించి, ఈలోగా బ్యాకప్ నుంచి ఒక పూర్తి మెయిల్‌బాక్స్‌ను ఖాళీ సర్వర్ మీదికి తిరిగి తెచ్చి చూసుకున్నాకే దానిని రద్దు చేయాలి.